బొగ్గు గని కార్మికుడి కొడుకు.. స్నూకర్‌కు తొలి రారాజు

వెయిస్ట్‌కోటు, మెడకు బో టై, టేబుల్ చుట్టూ చప్పుడు లేకుండా తిరగడం. టీవీలో స్నూకర్ చూసినప్పుడు ఇది దొరల ఆట, మనలాంటి వాళ్లది కాదు అనిపిస్తుంది. అది సగమే నిజం. ఆట పుట్టింది దొరల దగ్గరే. కానీ దాన్ని పెంచి, జనం టికెట్ కొని చూసే ఆటగా నిలబెట్టింది మాత్రం ఇంగ్లండులో ఒక బొగ్గు గని కార్మికుడి కొడుకు. ఆయన పేరు జో డేవిస్. 1927 నుంచి 1946 దాకా ప్రపంచ స్నూకర్ చాంపియన్‌షిప్ 15 సార్లు జరిగింది. 15 సార్లూ ఆయనే గెలిచాడు. ఒక్క ఏడాది కూడా ఆ కప్పు వేరే ఇంటికి పోలేదు.

మా క్యాంపు రిక్రియేషన్ రూములో చిన్న పూల్ టేబుల్ ఒకటి ఉంది. శుక్రవారం వచ్చిందంటే దాని చుట్టూ జనమే. అక్కడ కర్ర పట్టుకుని బాల్ కొట్టే మన తమ్ముళ్లలో చాలామందికి ఈ పెద్దమనిషి కథ తెలియదు. పొట్ట చేతబట్టుకుని వచ్చిన మనకు ఈ కథ తెలియాల్సిందే అనిపించి ఇక్కడ రాస్తున్నాం.

జబల్‌పూర్‌లో పుట్టి ఊటీలో పెరిగి..

ముందు ఆట సంగతి చూద్దాం. స్నూకర్ పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో ఉన్న బ్రిటిష్ సైన్యం ఆఫీసర్లు వానాకాలంలో బయటికి వెళ్లలేక మెస్‌లో బిలియర్డ్స్ టేబుల్ మీద రకరకాల ఆటలు ఆడేవాళ్లు. నెవిల్ చాంబర్లిన్ అనే కుర్ర ఆఫీసరు ఎర్ర బాల్స్‌తో ఆడే ఆటకు మరికొన్ని రంగుల బాల్స్ కలిపాడు. (తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన చాంబర్లిన్ వేరు, ఈయన వేరు.) ఆ రోజుల్లో సైనిక అకాడమీలో కొత్తగా చేరిన కుర్రాళ్లను వెటకారంగా స్నూకర్ అని పిలిచేవాళ్లట. సులువైన షాట్ పోగొట్టుకున్న వాడిని చాంబర్లిన్ ఆ మాటతో ఎగతాళి చేశాడు, అదే ఆటకు పేరుగా అతుక్కుంది. 1882లో ఊటీ క్లబ్బులో నిబంధనలు రాసి గోడకు తగిలించారు. అప్పట్లో ఊటీ ఉన్నది మద్రాసు ప్రెసిడెన్సీలో, మన కోస్తా, రాయలసీమ జిల్లాలున్నదీ అందులోనే.

ఆట లెక్క సులువే. ఎర్ర బాల్స్ 15, ఒక్కోటి ఒక పాయింటు. పసుపు 2, ఆకుపచ్చ 3, గోధుమ రంగు 4, నీలం 5, గులాబీ 6, నలుపు 7. ఒక ఎర్రది వేస్తే ఒక రంగుది కొట్టే హక్కు వస్తుంది. ఆ రంగుది పడితే మళ్లీ తీసి దాని చోట పెడతారు, ఎర్రది మాత్రం తిరిగి రాదు. ఎర్రవన్నీ అయిపోయాక రంగులు వరసగా వేయాలి. ఆగకుండా సాధించిన పాయింట్లను బ్రేక్ అంటారు. ప్రతి ఎర్రదానికీ ఒక నల్లది వేసి, చివర రంగులన్నీ ఊడ్చేస్తే మొత్తం 147. ఈ 147ను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

పబ్బులో టేబుల్, చేతిలో కర్ర

జో డేవిస్ 1901 ఏప్రిల్ 15న ఇంగ్లండులోని డెర్బిషైర్ జిల్లా విట్‌వెల్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి బొగ్గు గనిలో కూలి. గని జీవితం ఎలా ఉంటుందో మన గోదావరిఖని, మందమర్రి వైపు నుంచి వచ్చినవాళ్లకు మేము చెప్పక్కర్లేదు. జో పసివాడుగా ఉన్నప్పుడే తండ్రి గని పని మానేసి చెస్టర్‌ఫీల్డ్ పక్కన విటింగ్‌టన్ మూర్‌లో పబ్బు నడపడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత తీసుకున్న పెద్ద పబ్బులో పూర్తి సైజు బిలియర్డ్స్ టేబుల్ ఉంది. పిల్లవాడి జాతకం మార్చింది ఆ టేబులే. తండ్రి గనిలోనే ఉండిపోయి ఉంటే, కొడుకు చేతికి క్యూ కర్ర బదులు గడ్డపార వచ్చేది.

పబ్బుకు వచ్చేవాళ్లు ఆడుతుంటే చూసి నేర్చుకున్నాడు. ఆ ఊళ్లోనే ఎర్నెస్ట్ రడ్జ్ అనే ఆటగాడు ఈ కుర్రాడిలో పస చూసి దగ్గరుండి తర్ఫీదు ఇచ్చాడు. పదమూడేళ్లకే చెస్టర్‌ఫీల్డ్ ప్రాంత అమెచ్యూర్ బిలియర్డ్స్ చాంపియన్ అయ్యాడు. 18 ఏళ్లకు ప్రొఫెషనల్. ఒకపక్క బిలియర్డ్స్ హాళ్లు చూసుకునే ఉద్యోగం, ఒకపక్క ఆట.

ఇంకో సంగతి. జోకి కుడి కన్ను సరిగ్గా కనపడదు. ఆటేమో చూపు మీద నడిచేది. ఆటగాళ్లు సాధారణంగా క్యూ కర్రను గడ్డం మధ్యకు తెచ్చి రెండు కళ్లతో గురి చూస్తారు. జో మాత్రం కర్రను ఎడమ కన్ను కిందికి తెచ్చుకున్నాడు. లోపాన్ని లోపం అనుకుని కూర్చోలేదు, నిలబడే పద్ధతి, తల పెట్టే పద్ధతి అన్నీ దానికి తగ్గట్టు సర్దుకున్నాడు. తర్వాత ఆయన రాసిన పుస్తకాలు చదివే కొన్ని తరాల కుర్రాళ్లు క్యూ పట్టుకోవడం నేర్చుకున్నారు.

ఆరున్నర పౌండ్ల ప్రపంచ కప్పు

1920లలో ఇంగ్లండులో అసలు ఆట బిలియర్డ్స్. మూడే బాల్స్, రోజుల తరబడి సాగే పోటీలు. స్నూకర్ అంటే పెద్దలకు చిన్నచూపు. బిలియర్డ్స్ ఆట మధ్యలో కాలక్షేపానికి రెండు ఫ్రేములు ఆడించేవాళ్లు, అంతే. కానీ హాళ్లు నడిపిన జోకి ఒక విషయం కళ్ల ముందే కనపడింది. మామూలు జనం డబ్బులిచ్చి ఎక్కువగా ఆడుతున్నది స్నూకరే. రంగులున్నాయి, త్వరగా తేలిపోతుంది, చూసేవాడికి అర్థమవుతుంది.

స్నూకర్‌కు ఒక పోటీ పెట్టమని నాటింగ్‌హామ్‌కు చెందిన టామ్ డెనిస్ 1924లో బిలియర్డ్స్ సంఘాన్ని అడిగాడు. వాళ్లు ఆసక్తి చూపలేదు. 1926లో జో, బర్మింగ్‌హామ్‌లో బిలియర్డ్స్ హాలు యజమాని బిల్ కామ్‌కిన్ కలిసి నిబంధనలు తయారు చేసి మళ్లీ సంఘం ముందు పెట్టారు. ఈసారి ఒప్పుకున్నారు. పది మంది చేరారు. 1927 మేలో కామ్‌కిన్ హాలులోనే ఫైనల్. ఎదుట నిలబడింది ఎవరనుకున్నారు? మొదట అడిగిన టామ్ డెనిసే. జో 20-11తో గెలిచాడు. ఆ తర్వాత మరో మూడు ఫైనల్స్‌లో కూడా డెనిస్ జో చేతిలోనే ఓడాడు.

ప్రైజు మనీ ఎంతో తెలుసా? ఆరు పౌండ్ల పది షిల్లింగులు. పోటీలో చేరడానికి కట్టిన ఫీజే ఐదు గినీలు, అంటే ఐదు పౌండ్ల ఐదు షిల్లింగులు. రైలు ఖర్చులు, తిండి ఖర్చులు పోగా ప్రపంచ చాంపియన్‌కు ఏం మిగిలి ఉంటుందో మనమే ఊహించుకోవచ్చు. గేటు వసూళ్లలో ఆటగాళ్లకు రావాల్సిన సగాన్ని సంఘం తీసుకుని, దానితో వెండి కప్పు కొంది.

మొదటి ఏళ్లలో ఈ పోటీ ఎంత బలహీనంగా ఉండేదంటే, 1931లో చేరింది ఇద్దరే. జో, టామ్ డెనిస్. నాటింగ్‌హామ్‌లో డెనిస్ నడిపే పబ్బు వెనక గదిలో ప్రపంచ ఫైనల్ జరిగిపోయింది. జో 25-21తో గట్టెక్కాడు. అలాంటి రోజుల్లో కూడా ప్రతి ఏడాదీ వచ్చి ఆడి ఆ పోటీ బతికేలా చూశాడు. ఆయన మానేస్తే ఆ పోటీ అక్కడే ఆగిపోయేది.

టేబుల్ అంటే ఉత్త చెక్క కాదు

కన్‌స్ట్రక్షన్ లైన్‌లో ఉన్న మాకు ఈ ఆటలో మొదట నచ్చింది టేబుల్. పూర్తి సైజు టేబుల్ 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. పైన ఆకుపచ్చ గుడ్డ కింద ఉండేది చెక్క కాదు, స్లేటు రాతి పలకలు. ఐదు పలకలు పక్కపక్కన పేర్చి, అతుకులు కనపడకుండా పూడ్చి, రసమట్టం పెట్టి లెవెల్ చేస్తారు. మొత్తం బరువు టన్నుకు పైనే. మనం ఫ్లోరింగ్‌లో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వస్తే పుట్టీతో కవర్ చేస్తాం. ఇక్కడ అలా కుదరదు. మెల్లగా పోయే బాల్ ఆ కాస్త వాలుకే దారి మార్చుకుంటుంది. జో లాంటి వాళ్ల ఆటంతా ఆ మెల్లగా పోయే బాల్ మీదే. ఒక బాల్ పాకెట్‌లో వేయడం కాదు గొప్ప, వేసిన తర్వాత తెల్ల బాల్ సరిగ్గా తర్వాతి షాట్ దగ్గర ఆగాలి. ఈ పద్ధతిని స్నూకర్‌లో స్థిరపరిచి, బ్రేకులను పెద్దవి చేసినవాడు జో. 1927 పోటీలో అందరికన్నా పెద్ద బ్రేక్ 60. దాన్ని సాధించిన ఆల్బర్ట్ కోప్‌కు సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. 1935 వచ్చేసరికి ప్రపంచ పోటీల్లో మొదటి సెంచరీ పడింది. 110 పాయింట్లు. కొట్టింది జోయే.

కూర్చుని చూడాల్సి వచ్చిన రోజు

ఇక్కడ జో చిన్నవాడైన రోజు ఒకటి చెప్పాలి. ఆయన బిలియర్డ్స్‌లో కూడా తక్కువవాడేం కాదు. 1928, 1929, 1930, 1932లలో ప్రపంచ బిలియర్డ్స్ చాంపియన్. కానీ ఆస్ట్రేలియా నుంచి వాల్టర్ లిండ్రమ్ అనే మహానుభావుడు దిగాడు. 1932 జనవరిలో లండన్ థర్‌స్టన్ హాలులో జోతో ఆడుతూ ఒకే బ్రేక్‌లో 4137 పాయింట్లు కొట్టాడు. దాదాపు మూడు గంటల ఆట. అంతసేపూ జో కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండాల్సిందే. తన వంతు వస్తే కదా లేచేది!

మూడు బాల్స్‌ను అంచు పక్కన దగ్గర దగ్గరగా ఉంచి, సుతారంగా ఒకదాన్ని ఇంకోదానికి తాకిస్తూ పాయింట్లు పోగుచేయడం లిండ్రమ్ విద్య. ఆటగాడికి అది అద్భుతం. టికెట్ కొన్నవాడికి మాత్రం కాసేపటికి నిద్ర వస్తుంది. ఆపడానికి నిబంధనలు మార్చారు, అయినా జనం తగ్గిపోయారు. 1933లో, 1934లో ప్రపంచ బిలియర్డ్స్ ఫైనల్స్‌లో జో ఆయన చేతిలోనే ఓడాడు.

ఇలాంటి పరిస్థితి మనలో చాలామందికి తెలిసిందే. చేతిలో ఉన్న పనికి గిరాకీ పడిపోతుంది. షట్టరింగ్ చేసే చోటికి రెడీమేడ్ ప్యానెళ్లు వస్తాయి, తాపీమేస్త్రి ఉన్న చోటికి ప్రీకాస్ట్ గోడ వస్తుంది. అప్పుడు ఏడుస్తూ కూర్చునేవాడు ఉంటాడు, ఇంకో పని నేర్చుకునేవాడు ఉంటాడు. జో మాత్రం పాత పనికి గిరాకీ ఉన్న రోజుల్లోనే కొత్త దానికి పునాది వేసి పెట్టుకున్నాడు. బిలియర్డ్స్ హాళ్లు ఖాళీ అయ్యేసరికి స్నూకర్ ఆయన చేతిలో సిద్ధంగా ఉంది.

అన్నా తమ్ముళ్ల ఫైనల్

జో తమ్ముడు ఫ్రెడ్ డేవిస్. అన్నకన్నా పన్నెండేళ్లు చిన్న. అదే పబ్బులో, అదే టేబుల్ మీద పెరిగాడు. 1937 ప్రపంచ పోటీలో బిల్ విదర్స్ అనే పెద్దగా పేరు లేని ఆటగాడి చేతిలో ఓడిపోయాడు. చూపు మందగించిందని అప్పటిదాకా ఒప్పుకోలేదు. తర్వాతి రౌండులో విదర్స్ ఎదురుపడింది జోకి. జో 30-1తో చితగ్గొట్టాడు. తమ్ముడిని ఓడించినవాడికి ఒకే ఒక్క ఫ్రేము మిగిల్చాడన్నమాట! ఆ దెబ్బతో ఫ్రెడ్ కళ్లద్దాలు చేయించుకున్నాడు. వంగి గురి చూసేటప్పుడు కూడా అద్దంలోంచే కనపడేలా, తిరిగే అద్దాలున్న ప్రత్యేకమైన ఫ్రేము అది.

1940లో ఫైనల్ అన్నదమ్ముల మధ్యే. 73 ఫ్రేముల పోటీ. చివరికి జో 37, ఫ్రెడ్ 36. ఒక్క ఫ్రేము తేడా. ఆ ఏడాది అక్టోబరులో జర్మన్ బాంబు పడి థర్‌స్టన్ హాలు ధ్వంసమైంది. ప్రపంచ పోటీలు ఆగిపోయాయి. యుద్ధం రోజుల్లో జో నాటకశాలల్లో స్టేజీ మీద ట్రిక్ షాట్లు ప్రదర్శించాడు. జనానికి టేబుల్ కనపడాలని పైన పెద్ద అద్దాన్ని ఏటవాలుగా వేలాడదీసేవాళ్లు. అలా వచ్చిన డబ్బులో చాలా భాగం యుద్ధ సహాయ నిధులకు వెళ్లింది.

గెలుస్తూనే తప్పుకున్నాడు

1946లో లండన్ రాయల్ హార్టికల్చరల్ హాలులో ఫైనల్. ఎదుట లిండ్రమ్ మేనల్లుడు హొరేస్ లిండ్రమ్. రెండు వారాల పాటు ఆట. జో 78-67తో గెలిచాడు. ఒకప్పుడు పబ్బు వెనక గదిలో జరిగిన పోటీకి ఈసారి పెద్ద హాలు నిండా జనం. ఆ గెలుపుతోనే ప్రపంచ చాంపియన్‌షిప్ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు. వయసు 45.

ఇక్కడే ఆయన కథలో చిక్కు ఉంది. తప్పుకున్నాడే గానీ ఆట మానలేదు. 1964 దాకా మిగతా పోటీలు, ప్రదర్శనలు ఆడుతూనే ఉన్నాడు, గెలుస్తూనే ఉన్నాడు. హ్యాండిక్యాప్ పోటీల్లో మిగతావాళ్లకు ముందే కొన్ని పాయింట్లు ఇచ్చి మరీ ఆడేవాడు. మరి కప్పు గెలిచినవాడిని జనం చాంపియన్ అని ఎలా నమ్ముతారు? అసలైన మొనగాడు జో పక్కనే ఉన్నాడు కదా! 1948 నుంచి ఫ్రెడ్ ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. సమానంగా ఆడినప్పుడు అన్నను ఓడించగలిగింది కూడా ఫ్రెడ్ ఒక్కడే. అయినా జనం నోట్లో ముందు వచ్చేది జో పేరే. ప్రపంచ పోటీలో అన్నను ఓడించే అవకాశం ఫ్రెడ్‌కు మళ్లీ రాలేదు. 1940లో పోయిన ఆ ఒక్క ఫ్రేము అలాగే ఉండిపోయింది.

1952లో సంఘానికీ ప్రొఫెషనల్స్‌కూ గొడవ వచ్చి పోటీ రెండుగా చీలింది. 1957 తర్వాత ఏడేళ్ల పాటు ప్రపంచ చాంపియన్‌షిప్పే జరగలేదు. ఒక్క మనిషి భుజం మీద నిలబెట్టిన ఇల్లు, ఆ మనిషి పక్కకు జరిగితే ఒరిగింది. ఆటను నిలబెట్టినవాడూ ఆయనే, తన నీడలో ఇంకొకరిని ఎదగనివ్వనివాడూ ఆయనే అని విమర్శించేవాళ్లున్నారు. రెండు మాటల్లోనూ నిజముంది.

147

థర్‌స్టన్ హాలును యుద్ధం తర్వాత బాగు చేసి లెస్టర్ స్క్వేర్ హాలు అని పేరు పెట్టారు. 1955లో దాన్ని మూసేయాలని నిర్ణయమైంది. మూతపడబోయే ఆ హాలులోనే జనవరి 22న జో తన పాత ప్రత్యర్థి విల్లీ స్మిత్‌తో ప్రదర్శన ఆట ఆడుతున్నాడు. ఎర్రది, నల్లది. ఎర్రది, నల్లది. 15 సార్లు. తర్వాత ఆరు రంగులు. 147. అధికారికంగా గుర్తింపు పొందిన మొట్టమొదటి గరిష్ఠ బ్రేక్ అదే. అప్పటికి జోకి 53 ఏళ్లు. ఒక చిన్న నిబంధన తేడా ఉందని సంఘం ముందు ఒప్పుకోలేదు, 1957లో గానీ గుర్తించలేదు. జనం ముందు ఆడిన ఆటల్లో ఆయన కొట్టిన సెంచరీలు 687.

అన్నీ కలిసి రాలేదు లెండి. 1959లో ఆటకు మళ్లీ ఊపు తేవాలని స్నూకర్ ప్లస్ అని కొత్త ఆట కనిపెట్టాడు. నారింజ రంగు బాల్‌కు 8, ఊదా రంగు బాల్‌కు 10 పాయింట్లు. గరిష్ఠ బ్రేక్ 147 కాదు, 210. ఎవరూ పట్టించుకోలేదు. జబల్‌పూర్‌లో ఒక కుర్ర ఆఫీసరు సరదాగా చేసిన పని అంటుకుంది, ఆటలో అందరికన్నా పెద్దవాడు పట్టుబట్టి చేసినది అంటుకోలేదు. 1963లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు ఓబీఈ బిరుదు ఇచ్చింది.

చివరి ఆట చూస్తూ..

1969లో కలర్ టీవీలో పాట్ బ్లాక్ కార్యక్రమం రావడంతో స్నూకర్‌కు మళ్లీ ప్రాణం లేచి వచ్చింది. రంగుల బాల్స్ ఆటకు రంగుల టీవీ దొరికింది. 1977 నుంచి ప్రపంచ పోటీ షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌కు మారింది. జో పెరిగిన చెస్టర్‌ఫీల్డ్‌కు అది దగ్గరే.

1978లో అక్కడ సెమీఫైనల్‌కు చేరినవాళ్లలో ఫ్రెడ్ డేవిస్ ఒకడు. వయసు 64. ఎదుట దక్షిణాఫ్రికా ఆటగాడు పెరీ మాన్స్. జనంలో కూర్చుని చూస్తున్నాడు 77 ఏళ్ల జో. తాను ఆడిన రోజుల్లో చలించని మనిషి, తమ్ముడి ప్రతి షాట్‌కూ కుర్చీలో అటూ ఇటూ ఒరిగిపోయాడని చెబుతారు. ఫ్రెడ్ 16-18తో ఓడాడు. ఆ ఉత్కంఠలోనే జో ఆరోగ్యం దెబ్బతింది. కుప్పకూలాడు, ఆపరేషన్ చేశారు. కోలుకుంటున్నాడు అనుకునేలోగా ఛాతీలో ఇన్ఫెక్షన్ వచ్చి 1978 జులై 10న కన్నుమూశాడు.

అన్న పోయిన రెండేళ్లకు, 1980లో ఫ్రెడ్ ప్రపంచ బిలియర్డ్స్ టైటిల్ గెలిచాడు. స్నూకర్, బిలియర్డ్స్ రెండింటిలోనూ ప్రపంచ చాంపియన్ అయిన అన్నదమ్ములు అయ్యారు ఇద్దరూ.

ఈసారి క్రూసిబుల్ ఫైనల్ టీవీలో వస్తే చానల్ మార్చకండి. గెలిచినవాడికి లక్షల పౌండ్ల చెక్కు ఇస్తారు. చెక్కుతో పాటు చేతికిచ్చే వెండి కప్పును ఒకసారి జాగ్రత్తగా చూడండి. అది 1927లో కొన్నదే. జో డేవిస్, ఆయనతో ఆడిన ఆ తొలి ఆటగాళ్ల చేతికి రావాల్సిన గేటు డబ్బుతో కొన్న కప్పు అది.